మాగ్నెట్ టెస్టు నంబరు, వయసు, ఆడా మగా తేడా: మనవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను న్యూరో ల్యాబులో టెక్నీషియన్ని. అమలాపురం, రాజోలు, పాలకొల్లు, భీమవరం సైడు నుంచి టెస్టుకొచ్చినవాళ్ళు ఇంటికెళ్ళాక రిపోర్టు ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టి అడిగేవి ఇంచుమించు ఇవే, అందుకని అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. మందులు, ట్రీట్‌మెంటు సంగతి మాత్రం మీ డాక్టరు గారినే అడగండి.

అసలు ఈ టెస్టులో ఏం చేస్తారండి? కరెంటు షాకా?

షాక్ కాదండి బాబూ. దీన్ని టీఎంఎస్ (ట్రాన్స్‌క్రేనియల్ మాగ్నెటిక్ స్టిమ్యులేషన్) అంటారు, అంటే తల బయటినుంచే అయస్కాంతంతో మెదడుని కదిపి చూడటం. 8 అంకె ఆకారంలో ఉండే కాయిల్‌ని తల మీద ఆనిస్తాం, అందులోంచి వేల ఆంపియర్ల కరెంటు సెకనులో వెయ్యో వంతు కూడా పట్టనంత సేపు వెళ్ళి ఆగిపోద్ది, ఆ కాస్త సేపట్లో కాయిల్ దగ్గర ఒకటిన్నర రెండు టెస్లాల అయస్కాంత క్షేత్రం పుట్టి పోద్ది. అంటే ఇంచుమించు ఎంఆర్ఐ మిషన్లో ఉండేంత, కాకపోతే అక్కడ ఎప్పుడూ ఉంటుంది, ఇక్కడ టక్కున పుట్టి టక్కున పోద్ది. అయస్కాంత క్షేత్రం మారుతుంటే దగ్గర్లో ఉన్న వైర్లో కరెంటు పుడుద్దని మైకేల్ ఫారడే 1831లోనే చూపించాడు, మనం టెన్త్‌లో చదివిందే, ఇక్కడ వైరు బదులు మెదడు ఉందంతే.

1980లో లండన్లో మెర్టన్, మోర్టన్ అని ఇద్దరు నెత్తి మీద నుంచి నేరుగా కరెంటు పంపించి చెయ్యి కదిలేలా చేశారు గానీ అది బాగా నొప్పి. 1985లో ఇంగ్లండు షెఫీల్డులో ఆంథనీ బార్కర్ వాళ్ళ టీము అయస్కాంతంతో అదే పని నొప్పి లేకుండా చేసి చూపించింది, ఇప్పుడు మేం వాడే మిషన్లన్నీ దాని వారసులే. పుర్రె ఎముక కరెంటుని బాగా అడ్డుకుంటుంది గానీ అయస్కాంత క్షేత్రాన్ని అడ్డుకోదు, కిటుకంతా అక్కడే ఉంది.

మోటార్ థ్రెషోల్డ్ 48 అని రాశారు. 48 అంటే దేంట్లో?

మిషను ఇవ్వగలిగే ఫుల్ పవర్లో 48 శాతం అని. బీపీకో షుగర్‌కో ఉన్నట్టు దీనికి ఊరంతటికీ ఒకే కొలత లేదు, మిషన్ కంపెనీ మారినా కాయిల్ మారినా నంబరు మారుద్ది, కాబట్టి వైజాగ్‌లో చేయించుకున్న మీ తోడల్లుడి గారి 55కీ ఇక్కడ మీకొచ్చిన 48కీ పోటీ పెట్టకండి.

ఎలా పట్టుకుంటామో చెప్తా, అది తెలిస్తే మిగతా సగం ప్రశ్నలు వాటంతటవే పోతాయి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ ఉంటుంది కదా, దాని మీద ఎలక్ట్రోడ్ అంటిస్తాం. అంటించే ముందు స్పిరిట్‌తో తుడిచి కొంచెం గరుకుగా రుద్దుతాం, కొబ్బరికాయలు వలిచే చేతులకీ, వల లాగే చేతులకీ తోలు మందంగా ఉండి సిగ్నల్ సరిగా రాదు, అలాంటివాళ్ళకి ఇంకాస్త గట్టిగా రుద్దాలి, "ఏంటండీ తోలు తీసేస్తున్నారు" అని నవ్వుతారు. తర్వాత నడినెత్తి నుంచి చెవి వైపు ఓ నాలుగైదు సెంటీమీటర్లు కిందకొచ్చి, చేతిని కదిలించే చోటు కోసం కాయిల్‌ని వేలెడంత కూడా కాదు మిల్లీమీటర్ల లెక్కన జరుపుతూ టక్, టక్ అని పల్స్ వదుల్తాం. ఒక చోట వదిలితే వేలు టక్కున ఎగురుద్ది, స్క్రీన్ మీద 20 మిల్లీసెకన్ల దగ్గర ఒక గీత పైకి లేచి కిందకి దిగుద్ది. ఆ గీతని ఎంఈపీ (మోటార్ ఎవోక్డ్ పొటెన్షియల్) అంటారు. ఆ చోటు గుర్తుపెట్టుకుని పవర్ తగ్గించుకుంటూ వస్తాం, చెయ్యి పూర్తిగా రిలాక్స్‌గా ఉన్నప్పుడు 10 పల్సుల్లో కనీసం 5 సార్లు 50 మైక్రోవోల్టుల గీత వచ్చే అతి తక్కువ పవర్ ఏదో అదే మీ మోటార్ థ్రెషోల్డ్.

10కి 5 అంటే సగం సార్లే అని గమనించండి. అదే మనిషికి, అదే చోట, అదే పవర్‌తో వదిలినా ఒకసారి గీత పెద్దగా వస్తుంది, ఇంకోసారి అసలు రాదు. కొలిచే వస్తువే నిమిషం నిమిషం మారేది, ఒక్క నంబరు పట్టుకుని జాతకం చెప్పలేం.

నంబరు ఎక్కువుంటే మెదడు మొద్దుబారినట్టా?

అందరికంటే ఎక్కువ అడిగే ప్రశ్న ఇదే, జవాబు కాదనే. మనకి తెలిసిన లెక్కలోనే చెప్తా, ధవళేశ్వరం నుంచి వదిలిన నీరు కాలవ మొదట్లో ఉన్న చేనుకి ఇట్టే అందుద్ది, శివారు చేనుకి అందాలంటే పైనుంచి ఎక్కువ వదలాలి, అలాగని శివారు చేను భూమి మంచిది కాదని ఎవరూ అనరు కదా. ఇదీ అంతే. కాయిల్ నుంచి దూరం పెరిగేకొద్దీ క్షేత్రం చాలా వేగంగా పడిపోద్ది, మామూలు కాయిల్ పని చేసేది నెత్తి తోలు నుంచి రెండు మూడు సెంటీమీటర్ల లోతు దాకానే, కాబట్టి మీ మెదడు పై పొర పుర్రెకి కొన్ని మిల్లీమీటర్లు దూరంగా ఉందంటే చాలు, నంబరు పెరుగుద్ది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలోనే ఒకరికి 35 వస్తే ఇంకొకరికి 70 వస్తుంది, ఇద్దరూ కులాసాగా ఉంటారు.

దూరం ఒక్కటే కాదు లెండి, నరాల కణాల గోడల మీద సోడియం వచ్చిపోయే దారులుంటాయి, అవి ఎంత తేలిగ్గా తెరుచుకుంటాయన్నది కూడా ఈ నంబర్లో కలిసే ఉంటుంది. ఫిట్స్ మాత్రల్లో కార్బమజెపిన్, ఫెనిటోయిన్, లామోట్రిజిన్ లాంటివి ఆ దారుల మీదే పనిచేస్తాయి, వేసుకునేవాళ్ళకి థ్రెషోల్డ్ పెరుగుద్ది. మందు పనిచేస్తోందని దాని గుర్తు, భయపడాల్సింది కాదు.

మా నాన్నగారికి 72 ఏళ్ళు, ఆయనకి నాకంటే చాలా ఎక్కువొచ్చింది. వయసు వల్లేనా?

చాలావరకు అయ్యుండొచ్చు. వయసు మీద పడేకొద్దీ మెదడు కాస్త కుంచించుకుపోద్ది, అందరికీ జరిగేదే, దాంతో పుర్రెకీ మెదడుకీ మధ్య నీరు ఉండే ఖాళీ పెరుగుద్ది, అంటే పైన చెప్పిన దూరం పెరిగింది. ఎంఆర్ఐ తీసి ఆ దూరం కొలిచి థ్రెషోల్డ్‌తో పక్కపక్కన పెట్టి చూస్తే దూరం ఎక్కువున్నవాళ్ళకి నంబరు కూడా ఎక్కువ ఉంటుందని మళ్ళీ మళ్ళీ తేలింది. కాబట్టి "వయసు వల్ల మెదడు స్పందన తగ్గింది" అని రాసేముందు ఆ దూరం లెక్కలోంచి తీసేశారా లేదా అని చూడాలి, తీసేస్తే వయసు తేడా బాగా పల్చబడిపోద్ది.

పెద్దవాళ్ళలో ఇంకో రెండు మార్పులు కనపడతాయి. పవర్ పెంచుతూ పోతే కుర్రాళ్ళకి గీత గబగబా పెద్దదవుద్ది, పెద్దవాళ్ళకి అదే సైజు రావాలంటే ఇంకా పవర్ కావాలి. రెండోది గీత రావడానికి పట్టే టైము కొంచెం పెరుగుద్ది. అయితే ఈ గీత వేలి దగ్గర కొలిచింది, మెదడులో పుట్టి వెన్నుపూస దాటి చేతి నరం మీదుగా కండలోకి రావాలి, దారిలో వెన్నులో ఉండే కణాలు వయసుతో తగ్గుతాయి, కండ కూడా తగ్గుద్ది. చలికాలం పొద్దున్నే గోదావరి గట్టు మీద నుంచి బండి మీద వచ్చినవాళ్ళకి చెయ్యి చల్లగా ఉన్నా నరం నెమ్మదిస్తుంది, అందుకే నేను ముందు చేతులు వెచ్చబెట్టుకోమంటా. వేలు దగ్గర కొలిచి నెపం మొత్తం మెదడు మీద తోసేస్తే ఎలాగండి.

పెద్దవాళ్ళ మెదడులో ఆపుకునే శక్తి తగ్గిపోద్దని ఒక వీడియోలో చూశాం, నిజమా?

ఆ వీడియోల వాళ్ళకి ఒక్క స్టడీ దొరికితే చాలు. విషయం ఏంటంటే, మెదడులో రెచ్చగొట్టే కణాలూ ఉంటాయి, అణిచే కణాలూ ఉంటాయి, అణిచేవి గాబా అనే రసాయనం వాడతాయి. దాన్ని కొలవడానికి జంట పల్సుల పద్ధతి ఉంది, 1993లో కుజిరాయి వాళ్ళ పేపరుతో బాగా వాడుకలోకి వచ్చింది. ముందు ఒక చిన్న పల్స్, దానితో వేలు కదలదు, రెండు మూడు మిల్లీసెకన్ల తర్వాత ఒక పెద్ద పల్స్. చిన్న పల్స్ అణిచే కణాల్ని లేపుద్ది కాబట్టి రెండో పల్స్‌కి రావాల్సిన గీత చిన్నదైపోద్ది. ఎంత చిన్నదైతే అణిచే శక్తి అంత బాగా ఉన్నట్టు. అదే రెండు పల్సుల మధ్య 10, 15 మిల్లీసెకన్లు ఇస్తే గీత ఉల్టాగా పెద్దదవుద్ది.

ఇప్పుడు పెద్దవాళ్ళలో ఇది తగ్గిందని కొన్ని స్టడీలు, ఏ తేడా లేదని కొన్ని, పెరిగిందని కూడా కొన్ని. ఎవరో అబద్ధం చెప్పారని కాదు, చిన్న పల్స్ ఎంత పవర్ పెట్టారు, ఏ కండ చూశారు, వేలు నిజంగా రిలాక్స్‌గా ఉందా అన్నవాటితో జవాబు మారిపోద్ది. అమెరికాలో ఎరిక్ వాసర్మన్ 2002లో చాలామంది ఆరోగ్యవంతుల రీడింగులు ఒకచోట వేసి చూపించాడు, ఒకే వయసువాళ్ళలోనే ఈ కొలతలు ఈ మూల నుంచి ఆ మూల దాకా పరుచుకుని ఉన్నాయి. ఇరవై ఏళ్ళ కుర్రాడికీ డెబ్భై ఏళ్ళ తాతగారికీ ఉన్న తేడా కంటే ఇద్దరు ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళ మధ్య తేడా ఎక్కువ ఉండొచ్చు.

కాస్త నమ్మకంగా చెప్పగలిగేది ఒకటుంది. ఊరికే కూర్చున్నప్పుడు కాకుండా ఏదైనా పని చెయ్యబోయే ముందు కొలిస్తే, కుర్రాళ్ళలో ఈ అణిచే శక్తి పనిని బట్టి చకచకా తగ్గి పెరుగుద్ది, పెద్దవాళ్ళలో ఆ తగ్గి పెరగడం అంత బాగా ఉండదు. చొక్కా గుండీ పెట్టుకోడానికి తాతగారికి టైము ఎందుకు పడుద్దో దీంతో కొంత అర్థమవుద్ది.

మా పాపకి ఆరేళ్ళు, ఫుల్ పవర్ పెట్టినా వేలు కదల్లేదన్నారు. ఏమన్నా ప్రాబ్లమా అండి?

ఆ వయసులో అది మామూలే, కంగారు పడకండి. చిన్నపిల్లలకి థ్రెషోల్డ్ బాగా ఎక్కువ ఉంటుంది, రిలాక్స్‌గా కూర్చోబెడితే మిషను ఫుల్ పవర్‌కి కూడా కొంతమందికి ఏమీ రాదు. మెదడు నుంచి వెన్నుకి వెళ్ళే నరాల మీద మైలిన్ అనే కొవ్వు పొర ఇంకా కడుతూ ఉంటుంది, పల్స్‌కి కణాలన్నీ ఒక్కసారి కలిసి లేస్తేనే గీత వస్తుంది, వాళ్ళలో అవి తలా ఒక టైముకి లేస్తాయి. అందుకే పిల్లల చేతికి మెత్తటి బంతి ఇచ్చి నెమ్మదిగా నొక్కమంటాం, కండ కాస్త బిగిసి ఉంటే తక్కువ పవర్‌కే గీత వస్తుంది, ఆ పద్ధతిలో కొలిచేదాన్ని యాక్టివ్ థ్రెషోల్డ్ అంటారు. పెరిగేకొద్దీ నంబరు దిగుతూ టీనేజీకి వచ్చేసరికి పెద్దవాళ్ళ లెవెల్‌కి చేరుద్ది. అణిచే శక్తి కూడా పిల్లల్లో తక్కువే, పదేళ్ళ లోపు పిల్లలకి కొలిస్తే పెద్దవాళ్ళంత రాదు.

ఇంకో విచిత్రం ఉంది. పెద్దవాళ్ళకి ఎడమ మెదడు మీద పల్స్ కొడితే కుడి చెయ్యే కదులుద్ది. పదేళ్ళ లోపు పిల్లల్లో కొంతమందికి కొట్టిన వైపు చేతిలో కూడా చిన్న గీత వస్తుంది, పెద్దయ్యేకొద్దీ అది పోద్ది. పుట్టుకతోనే ఒక పక్క మెదడు దెబ్బతిన్న పిల్లల్లో మాత్రం ఆ దారి పోకుండా నిలబడిపోయి, బాగున్న పక్కే రెండు చేతుల్నీ నడిపిస్తూ ఉంటుంది. ఆ పిల్లలు ఒక చేత్తో డబ్బా మూత తిప్పుతుంటే రెండో చెయ్యి కూడా దానంతటది తిరుగుద్ది. అలాంటి పిల్లలకి ఫిజియో ఎలా ప్లాన్ చెయ్యాలో చెప్పడానికి ఈ టెస్టు బాగా పనికొస్తుంది, నన్నడిగితే పిల్లల్లో దీని అసలు ఉపయోగం అదే.

ఆడవాళ్ళ మెదడు, మగవాళ్ళ మెదడు: ఈ టెస్టులో తేడా తెలిసిపోద్దా?

రెండు రిపోర్టులు పేరు లేకుండా నా చేతికిస్తే ఏది ఆవిడది ఏది ఆయనది అని చెప్పలేను, ఎవరూ చెప్పలేరు. థ్రెషోల్డ్‌లో ఆడా మగా తేడా చాలా స్టడీల్లో కనపడలేదు, కనపడిన చోట చిన్నది.

తేడాలా కనపడి నిజానికి వేరే సంగతి అయ్యేవి మాత్రం ఉన్నాయి. గీత రావడానికి పట్టే టైము చూడండి, మగవాళ్ళకి సగటున ఒకటి రెండు మిల్లీసెకన్లు ఎక్కువ వస్తుంది, ఎందుకంటే సగటున పొడుగు ఎక్కువ, చెయ్యి పొడుగు ఎక్కువ, సిగ్నల్ ఎక్కువ దూరం నడవాలి. ఆరడుగుల అమ్మాయికి, అయిదడుగుల నాలుగంగుళాల అబ్బాయికి చేస్తే ఉల్టా వస్తుంది. పొడుగుని లెక్కలోంచి తీసేస్తే ఆడా మగా తేడా ఇంచుమించు ఏమీ మిగలదు.

ఇక నాకు రోజూ ఎదురయ్యేది జడ. మనవైపు ఆడవాళ్ళకి ఒత్తైన జుట్టు, కొబ్బరినూనె పెట్టి బిగించి అల్లిన జడ, పైన కనకాంబరాలో మల్లెలో, లోపల నల్ల పిన్నులు. పిన్నులన్నీ తీసెయ్యాలి, మాటీలు, జూకాలు కూడా, అయస్కాంతం దగ్గర లోహం ఉండకూడదు. జడ విప్పకుండా అలాగే కాయిల్ పెడితే నెత్తికీ కాయిల్‌కీ మధ్య వేలి మందం జుట్టు ఉంటుంది, ఆ కాస్త దూరానికే నంబరు పైకి పోద్ది. జుట్టు విప్పి, పాపిట తీసినట్టు రెండు వైపులకీ విడదీసి, కాయిల్ నెత్తికి ఆనేలా పెట్టి మళ్ళీ కొలిస్తే దిగుద్ది. గుండు చేయించుకుని తిరుపతి నుంచి వచ్చిన పెద్దాయనకీ, మోకాళ్ళ దాకా జడ ఉన్న ఆయన కోడలికీ ఒకే రోజు చేసి ఆడవాళ్ళకి థ్రెషోల్డ్ ఎక్కువ అని రాస్తే అది సైన్స్ కాదు, జుట్టు.

నెలసరి రోజుల్ని బట్టి మారుద్దంటారు, అది కూడా ఉత్తిదేనా?

ఇది ఉత్తిది కాదండి, ఆడా మగా విషయంలో నిజంగా బరువున్న మాట ఇదొక్కటే అనుకుంటా నేను. 1999లోనూ 2002లోనూ అమెరికాలో మార్క్ స్మిత్ వాళ్ళ టీము అదే ఆడవాళ్ళకి నెలలో వేర్వేరు టైముల్లో జంట పల్సుల టెస్టు చేసింది. అండం విడుదలకి ముందు రోజుల్లో, అంటే ఈస్ట్రోజన్ బాగా పెరిగినప్పుడు, మెదడు కాస్త చురుగ్గా, అణిచే శక్తి తక్కువగా కనపడింది. అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ పెరిగే రోజుల్లో అణిచే శక్తి పెరిగింది. కారణం కూడా తెలుసు, ప్రొజెస్టిరాన్ శరీరంలో అల్లోప్రెగ్నానొలోన్ అనే ఇంకో పదార్థంగా మారుద్ది, అది కణాల మీద గాబా వచ్చి తగిలే తాళం లాంటి చోటుని (రిసెప్టర్) ఇంకా గట్టిగా పనిచేయిస్తుంది, డయజిపామ్ లాంటి మాత్రలు పట్టుకునేది కూడా ఆ గాబా తాళాన్నే. ఈస్ట్రోజన్ దానికి ఉల్టా, రెచ్చగొట్టే వైపు మొగ్గుద్ది. థ్రెషోల్డ్ నంబరు మాత్రం నెలలో పెద్దగా కదలదు, కదిలేది జంట పల్సుల రీడింగే.

దీన్ని ఫిట్స్ ఉన్న ఆడపిల్లల తల్లులు ఎప్పుడో కనిపెట్టేశారు. "డేటు దగ్గరికొస్తే ఫిట్స్ ఎక్కువ వస్తాయండి" అని వాళ్ళే చెప్తారు. నెలసరికి ముందు ప్రొజెస్టిరాన్ ఒక్కసారిగా పడిపోద్ది, అణిచే శక్తి కూడా దానితోనే జారుద్ది, కొంతమందికి ఫిట్స్ ఆ రోజుల్లోనే గుంపుగా వస్తాయి. కొంతమందికి అండం విడుదలయ్యే టైములో కూడా. మీ అమ్మాయికి అలా ఉంటే క్యాలెండర్ మీద ఫిట్స్ వచ్చిన రోజూ డేటు వచ్చిన రోజూ రెండూ గుర్తు పెట్టి డాక్టరు గారికి చూపించండి, సిగ్గుపడే విషయం కాదు, మందు డోసు ఆలోచించడానికి పనికొచ్చే సమాచారం. నాన్నగారు పక్కనుంటే చాలామంది పిల్లలు చెప్పరు, అందుకే నేను ఆయన్ని టీకి పంపించి అడుగుతా.

అందుకే "ఆడవాళ్ళకి అణిచే శక్తి ఇంత" అని ఒకే అంకె రాస్తే అది ఏ రోజుదో రాయకపోతే అర్థం లేదు. గర్భం రాకుండా మాత్రలు వేసుకునేవాళ్ళకి ఈ ఎత్తుపల్లాలు మామూలుగా ఉండవు, అది కూడా టెస్టుకి ముందు చెప్పాలి.

మరి మగవాళ్ళకి హార్మోన్లు లేవా?

ఎందుకు లేవు, రోజులోనే మారతాయి. కార్టిసాల్ పొద్దున్న ఎక్కువ, సాయంత్రానికి తగ్గుద్ది, ఇది ఆడామగా అందరికీ. ఆస్ట్రేలియాలో 2008లో వచ్చిన ఒక పేపర్లో, చేతి నరానికీ మెదడుకీ జంటగా స్టిమ్యులేషన్ ఇచ్చి మెదడు ఎంత నేర్చుకుంటుందో చూస్తే కార్టిసాల్ తక్కువున్న టైములో బాగా నేర్చుకుంది. కాబట్టి పొద్దున ఒకరిని, సాయంత్రం ఒకరిని కొలిచి పోల్చడం కూడా తప్పే.

మెనోపాజ్ దాటాక ఎలా ఉంటుంది?

నెలవారీ ఎత్తుపల్లాలు ఆగిపోతాయి కదా, ఆ గొడవ ఉండదు. ఆ జంట స్టిమ్యులేషన్‌తో వచ్చే నేర్చుకునే మార్పు మాత్రం వయసుతో తగ్గుద్ది, కొన్ని స్టడీల్లో ఆ తగ్గడం మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో స్పష్టంగా కనపడింది. హార్మోన్లు తగ్గడం వల్లేనని అనుమానం. వయసూ ఆడామగా అనేవి విడివిడిగా పనిచెయ్యవని దీంతో తెలుస్తుంది, ముప్పై ఏళ్ళప్పుడు లేని తేడా అరవైకి రావచ్చు.

మా అత్తగారు నర్సాపురం లేసు అల్లుతారు, చిన్నప్పట్నించీ అదే పని. చేతి పనితనానికి ఈ టెస్టులో ఏమన్నా కనపడుద్దా?

కనపడుద్ది, బాగా నచ్చిన ప్రశ్న ఇది. 1995లో ఆల్వారో పాస్కువల్ లియోన్ వాళ్ళు పియానో రానివాళ్ళకి అయిదు వేళ్ళ సాధన రోజుకి 2 గంటల చొప్పున 5 రోజులు చేయించి, రోజూ టీఎంఎస్‌తో వేళ్ళకి సంబంధించిన చోటు ఎంతుందో గీసి చూశారు. చోటు విస్తరించింది, థ్రెషోల్డ్ తగ్గింది. వేళ్ళు కదపకుండా మనసులో మాత్రమే సాధన చేసిన వాళ్ళకి కూడా మ్యాపు పెరిగింది. 5 రోజులకే అంత మార్పు వస్తే, టీవీ చూస్తూ చూపు తిప్పకుండా క్రోషే సూదితో పువ్వులు లాగేసే మీ అత్తగారి సంగతి ఊహించుకోండి. కాబట్టి 65 ఏళ్ళ ఆవిడకీ 25 ఏళ్ళ సాఫ్ట్‌వేర్ కుర్రాడికీ తేడా చూసి అది వయసుదా, ఆడా మగాదా, సూది పట్టిన చెయ్యిదా అంటే వెంటనే చెప్పలేం.

రాత్రంతా రొయ్యల చెరువు మీద ఉండి పొద్దున్నే టెస్టుకి వచ్చెయ్యొచ్చా?

వద్దండి. ఏరేటర్లు ఆగుతాయేమో అని తెల్లార్లూ మేలుకున్నవాళ్ళకి అణిచే శక్తి రీడింగు మారుద్ది, అసలు నిద్ర లేకపోవడం ఫిట్స్‌ని రెచ్చగొట్టేదాన్లో ఒకటి. ముందు రోజు రాత్రి మద్యం కూడా పుచ్చుకోవద్దు. నిద్రమాత్రలు, ఫిట్స్ మాత్రలు, డిప్రెషన్ మాత్రలు ఏం వాడుతున్నా చీటీ తెచ్చి చూపించండి, టెస్టు బాగా రావాలని మీ అంతట మీరు మానెయ్యడం మాత్రం చాలా డేంజర్, ముఖ్యంగా ఫిట్స్ మాత్రలు.

ఈ నంబరు దేనికి పనికొస్తుంది మరి?

డిప్రెషన్‌కి టీఎంఎస్ ట్రీట్‌మెంటు ఇచ్చేటప్పుడు డోసు దీన్నిబట్టే పెడతారు. అమెరికాలో 2008లో అనుమతి వచ్చిన పద్ధతిలో థ్రెషోల్డ్‌కి 120 శాతం పవర్‌తో, సెకనుకి 10 పల్సుల చొప్పున, ఒక సిట్టింగులో 3000 పల్సులు ఎడమ నుదురు వెనక భాగానికి ఇస్తారు. అక్కడ 15 ఏళ్ళు దాటిన టీనేజీ పిల్లలకి కూడా మందులతో పాటు వాడుకోవచ్చని 2024లో అనుమతించారు. ఇక్కడే వయసు మళ్ళీ ఎదురొస్తుంది చూడండి, థ్రెషోల్డ్ కొలిచేది చేతి చోటు దగ్గర, ట్రీట్‌మెంటు ఇచ్చేది నుదురు వైపు, పెద్దవాళ్ళలో ముందు భాగం ఎక్కువ కుంచించుకుపోద్ది కాబట్టి చేతి దగ్గర కొలిచిన డోసు అక్కడికి చాలకపోవచ్చు. పెద్దవాళ్ళకి టీఎంఎస్ పనిచెయ్యదని ఒకప్పుడు అనుకోవడానికి తక్కువ డోసు ఇవ్వడం కూడా ఒక కారణమని చాలామంది నిపుణుల అభిప్రాయం, నాకూ అదే సబబనిపిస్తుంది.

పక్షవాతంలో అయితే నంబరు ఎంత అనేదానికంటే గీత వచ్చిందా లేదా అన్నది ముఖ్యం. న్యూజిలాండ్‌లో కాథీ స్టినియర్ వాళ్ళు తయారుచేసిన ప్రెప్ 2 అనే పద్ధతిలో, పక్షవాతం వచ్చిన మూడో రోజు చెయ్యి బలం చూస్తారు, బలం ఫర్వాలేదనిపిస్తే వయసు 80 లోపా పైనా అని చూస్తారు, బలం బాగా తక్కువుంటే అప్పుడు టీఎంఎస్ చేస్తారు, గీత వచ్చిందంటే చెయ్యి చాలావరకు తిరిగొచ్చే అవకాశం ఉన్నట్టు. మీ నాన్నగారి వేలు అసలు కదలకపోయినా స్క్రీన్ మీద చిన్న గీత కనపడితే అది చాలా మంచి కబురు. ఎడమకీ కుడికీ తేడా కూడా చూస్తాం, ఒకే మనిషిలో రెండు వైపులా వయసూ ఒకటే, ఆడామగా ఒకటే, పొడుగూ ఒకటే కదా, అందుకే ఆ తేడా మీద నమ్మకం ఎక్కువ.

ఎవరు చేయించుకోకూడదు?

ఆపరేషన్లో తల లోపల లోహపు క్లిప్పులు వేసినవాళ్ళు, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్నవాళ్ళు, మెదడులో స్టిమ్యులేటర్ పెట్టించుకున్నవాళ్ళు ముందే చెప్పాలి, వీళ్ళకి మామూలుగా చెయ్యరు. పేస్‌మేకర్ ఉంటే డాక్టరు గారే నిర్ణయించాలి. మోకాలి ఆపరేషన్ ప్లేటు, గుండె స్టెంటు లాంటివి కాయిల్‌కి దూరం కాబట్టి సాధారణంగా ఇబ్బంది ఉండదు, అయినా చెప్పండి. ఇంతకుముందు ఫిట్స్ వచ్చినా చెప్పండి, టెస్టులో ఫిట్స్ రావడం చాలా అరుదు గానీ అసలు రాదని కాదు. గర్భంతో ఉంటే అది కూడా. టక్ టక్ సౌండు గట్టిగా ఉంటుంది, చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు ఇస్తాం, అందరూ పెట్టుకోవాలి.

మళ్ళీ ఆరు నెలలకి రమ్మన్నారు. పాత రిపోర్టుతో పోల్చాలంటే ఏం చూసుకోవాలి?

అదే మిషను, అదే కాయిల్, వీలైతే అదే టెక్నీషియన్. పోయినసారి పొద్దున చేస్తే ఈసారీ పొద్దున్నే. నెలసరి వచ్చేవాళ్ళు పోయినసారి డేటు వచ్చిన ఎన్నో రోజున చేశామో రిపోర్టు మీద రాయించుకుని ఈసారి ఇంచుమించు అదే రోజుకి రండి. మాత్రల చీటీ తీసుకురండి, మధ్యలో డోసు మారితే అదీ చెప్పండి. రెండు మూడు అంకెల తేడా వస్తే పట్టించుకోవద్దు. ముందు రోజు తలంటుకుని నూనె పెట్టకుండా రండి, కాయిల్ పెట్టాల్సిన చోటు గుర్తు పెట్టడానికి తలకి ఒక టోపీ పెడతాం, నూనె తలకి అది జారిపోద్ది, చోటు గుర్తుపెట్టిన పెన్ను మార్కూ దాంతోపాటే జరిగిపోద్ది. పువ్వులు టెస్టు అయ్యాక పెట్టుకోవచ్చు, పిన్నులు పోకుండా ఒక చిన్న డబ్బా ఇస్తాం.